తోడు మట్టి

తొందరపడితే ఊడిపోతాయి. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా, ఇన్నేళ్ళుగా కనబడిన రైతుకల్లా తను చెబుతూ వచ్చిన మాటే కదా, శనగ మొక్కని పీకకూడదు, చుట్టూ పారతో తవ్వి మట్టిగడ్డతో సహా లేపి బకెట్లో పెట్టాలి, పెట్టి చేతులు కట్టుకు కూర్చోవాలి, మట్టి తనంతట తాను నాని విడిపోయి అడుక్కి దిగాలి, అప్పుడుగాని వేళ్ళకి పట్టిన బుడిపెలు చెక్కుచెదరకుండా చేతికి రావు. చెప్పినంత తేలిక కాదు కూర్చోవడం. మోటారు గదిలో బోర్లించిన డబ్బా మీద కూర్చుని, జేబులో కాగితంలో చుట్టిన బ్లేడు ఉందో లేదో మళ్ళీ ఓసారి తడిమి చూసుకుని, బకెట్లోకి వంగితే నల్లటి నీళ్ళలో తన మొహమే తనకి కనబడలేదు. ఉండుండి ఒక బుడగ పైకొచ్చి టప్పుమని పగులుతోంది, లోపల ఎవరో ఊపిరి బిగబట్టి ఇక పట్టలేక వదులుతున్నట్టు. ఛ, గాలే, గడ్డల్లో ఇరుక్కున్న గాలి, చదువుకున్నదానివి నువ్వు, నీకు కూడానా. చదువుకున్నందుకే కదా ఈ భయం, లేకపోతే ఆ బుడిపెల గుత్తులు చూసి అక్కలాగే తనూ మురిసిపోయేది. కోస్తే లోపల ఎర్రగా ఉండాలి. అప్పుడే తెగిన వేలులాగా ఎర్రగా. ఉంటే లోపలున్న సూక్ష్మజీవులు పని చేస్తున్నట్టు, గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకి తిండి చేసి పెడుతున్నట్టు. తెల్లగా ఉంటే. అక్కడికొచ్చేసరికి ఆలోచన మొండికేసిన ఎద్దులా ఆగిపోతోంది, ఎంత అదిలించినా అడుగు వెయ్యదు.

గుమ్మంలోంచి చూస్తే వాకిట్లో ట్రాక్టరు, దాని వెనక ట్రాలీ. టార్పాలిన్ కప్పి నాలుగు వైపులా తాళ్ళతో బిగించారు, ఖాళీ ట్రాలీకి ఆ కట్టుదిట్టం ఎందుకో, టైర్లు కూడా అడుగున అణిగి ఉన్నాయి, గాలి కొట్టించుకోవడానికి కూడా బద్ధకమే, ఆ డ్రైవరు చూడు, తలగుడ్డ మొహం మీద కప్పుకుని ట్రాక్టరు నీడలో ఎలా గుర్రుపెడుతున్నాడో, ఒళ్ళు తెలియని నిద్రంటే అది. కొండ అవతలి వాళ్ళ బండి అని వచ్చేటప్పుడు అక్క చెప్పింది. మట్టి కోసమే వచ్చి ఉంటారు, ఇంకెందుకు వస్తారు, ఈ వాకిట్లోకి ట్రాలీ వచ్చిందంటే మట్టి కోసమే. సాయంత్రం లోపల నింపుకుని పోతారు. అంటే తనకున్నది ఈ బకెట్లో మట్టి దిగే వరకే. అది దిగాలి, తను కొయ్యాలి, చూడాలి, తెల్లగా ఉంటే లేచి వెళ్ళి ఆ ట్రాలీకి అడ్డంగా నిలబడాలి, అక్క చూస్తుండగా, అక్క వాకిట్లో, అక్క మట్టికి.

అక్క మట్టి అంటే మాటలు కాదు. పాలకి తోడు ఎలాగో కొత్త చేనుకి అది అలాగ. ఎప్పుడూ శనగ ఎరగని నేలలో శనగ వేస్తే మొక్క దిక్కులేనిదవుతుంది, వేళ్ళకి బుడిపెలు రావు, అందుకని బాగా పండిన చేలోంచి రెండు తట్టల మట్టి తెచ్చి విత్తనాలతో పాటు చల్లితే ఆ చేలో ఉన్నవే ఈ చేలో చేరి పెరుగుతాయి, తోడుకుంటాయి. ల్యాబులూ పాకెట్లూ పుట్టకముందు నుంచీ రైతులు చేస్తున్న పనే. ఇక్కడ అందరూ దాన్ని తోడు మట్టి అంటారు, అక్కని తోడక్క అంటారు. బావ పోయాక ఈమెవల్ల ఏమవుతుందిలే, చేను అమ్ముకుని పోతుంది అనుకున్నవాళ్ళే తట్టలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, అక్క కాదనలేదు, ఒక్కరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, ఆ మూల తవ్వుకోండి, గట్టు మాత్రం తెంపకండి అని చెప్పేది, అదే ఆవిడ సింహాసనం. తోడు. ఆ మాటకి ఎంత సంసారమో. తోడబుట్టినవాళ్ళు, తోడికోడళ్ళు, తోడల్లుళ్ళు, తోడూ నీడా. తోడుదొంగ కూడా ఆ ఇంటి బిడ్డే, పేరెత్తరు గాని.

మొదటి తోడు మాత్రం తనదే. అప్పుడు ల్యాబులో కొత్తగా చేరింది, ఎక్కడో దూరపు నేలలోంచి తెచ్చిన రకాన్ని సీసాల్లో పెంచి, బొగ్గుపొడిలో కలిపి, పాకెట్లో పోసి, మా అక్కకి ఇచ్చొస్తాను సార్ అని అడిగి మరీ పట్టుకొచ్చింది. ఇద్దరూ ఈ గదిలోనే కూర్చుని పంచదార పాకంలో ఆ నల్లపొడి కలిపి శనగలకి పట్టించారు, అక్క చేతులు మోచేతుల దాకా నల్లబడిపోయాయి, ఇదేంటే సైంటిస్టమ్మా, విత్తనాలకి కాటుక పెడుతున్నామా అని నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంది, బావ పోయాక అక్క నవ్వడం అదే మొదలు. ఆ ఏడు బుడిపె కోస్తే ఎర్రగా, ఎంత ఎర్రగానో, అక్క వేలు తెగిందనుకుని చీర చెంగు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కొన్ని సంతోషాలు వచ్చినప్పుడే వాటి వెనక ఏం వస్తోందో చెబితే బాగుండును. అయినా చెబితే ఎవరు వింటారు, పాయసం తినేవాడికి పళ్ళు పుచ్చిపోతాయని చెప్పినట్టే.

పొద్దున్న సారు పిలిచారు. పోయిన నెల అక్క సీసాలో పంపిన మట్టి, ఊరికే ముచ్చటకి పంపింది, చూడవే నా మట్టి ఎంత మెత్తగా అయిందో అని, దాంట్లో ఉన్న సూక్ష్మజీవుల్ని పళ్ళెంలో పెంచి, వాటి జన్యువుల్ని చదివించారు. సారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని స్క్రీను చూపించి, మీ అమ్మాయి దానధర్మాలు మొదలెట్టిందమ్మా అన్నారు. మామూలుగా అయితే, తను పెంచిన రకాన్ని అమ్మాయి అన్న ఆ జోకుకి ఆమె నవ్వేది. తను ఇచ్చిన రకం కాదు అక్కడ ఎక్కువగా ఉన్నది. ఉన్నవి ఈ నేలలోనే పుట్టి పెరిగినవి, తరతరాలుగా మట్టిలో దొరికింది తిని బతికేవి, ఏ మొక్క గడపా ఎక్కి ఎరగనివి. కానీ వాటి ఒంట్లో, జన్యువుల గొలుసు మధ్యలో, తన రకానిది ఒక పొడుగాటి తునక అతికి ఉంది, అక్షరం పొల్లు పోకుండా. మట్టిలో పక్కపక్కన చేరినప్పుడు ఒకటి సన్నని గొట్టంలాంటిది చాచి రెండోదాన్ని అందుకుంటుంది, ఆ తునక నకలు దాంట్లోకి జారిపోతుంది. ఇచ్చినదానికి ఏమీ తగ్గదు, పుచ్చుకున్నది మళ్ళీ ఇంకోదానికి ఇవ్వగలదు. పిల్లలకి ఆస్తి ఇచ్చినట్టు కాదు, దారిన పోయేవాడికి ఇంటి తాళంచెవి పోత పోసి ఇచ్చినట్టు. ఆ తునకలోనే ఉంది తలుపు తట్టే మాట. మొక్క వేరు చీకట్లో చెవొగ్గి వినేది ఆ ఒక్క మాట కోసమే, అది వింటే చాలు తలుపు తీస్తుంది, ఎవరు నువ్వు అని అడగదు. పని చేసే విద్య కూడా ఆ తునకలోనే ఉంది కదా సార్ అని అడిగింది ఆమె, అడగక్కర్లేదు, తెలుసు, అయినా అడిగింది. ఉందమ్మా, కానీ పాత ఒంట్లో ఇమిడినట్టు కొత్త ఒంట్లో ఇమడాలిగా, కొన్నిట్లో పని చేస్తుంది, కొన్నిట్లో చెయ్యదు, నీ అక్క చేలో ఉన్నవి ఎలాంటివో స్క్రీను చెప్పదు, పోయి బుడిపె కొయ్యి అన్నారాయన. తర్వాత కళ్ళజోడు కిందికి దించుకుని, ఆ మట్టి ఎవరికైనా ఇచ్చిందా అని అడిగారు. ఆమె వినబడనట్టు సంచీ సర్దుకుంది.

తలుపు తీశాక మొక్క ఏం చేస్తుందో తలుచుకుంటే జాలేస్తుంది. వేరులోనే గది కడుతుంది, ఆకులు ఎండలో కష్టపడి చేసిన పంచదారని మెట్టు మెట్టు దించి ఆ గదికి పంపుతుంది, తినండి నాయనా తిని నాలుగు గింజల తిండి మాకూ చేసి పెట్టండి అని. పని చేసేవాడైతే సరే. పని రానివాడైతే ఇల్లరికపు అల్లుడే, తింటాడు, పడుకుంటాడు, వాడి అన్నదమ్ముల్ని పిలుచుకుంటాడు. అప్పుడు మొక్క ఏమనుకుంటుంది, చాల్లేదు కాబోలు, ఇంకో గది కడదాం అనుకుంటుంది, ఇంకోటి, ఇంకోటి. అందుకే గుత్తులు. అక్క ఫోన్లో సంబరంగా చెప్పింది, ఎప్పుడూ లేనన్ని బుడిపెలే, వేరు కనబడకుండా పట్టేశాయి, చూసి తీరాలి నువ్వు. పైన పటారం లోన లొటారం. ఉండు, తేలనీ, ఇంకా కొయ్యలేదుగా, తీర్పు చెప్పెయ్యకు అప్పుడే. కొన్నిట్లో పని చేస్తుందని కూడా అన్నారుగా సారు.

ఫోన్లో అక్క అన్న రెండో మాట. అది తలుచుకుంటే తన చెంప తను వాయించుకోవాలనిపిస్తోంది. చేనంతా పచ్చగా ఉందే అంది. మన భాషలో ఇదొక దిక్కుమాలిన మాట, ఆకూ పచ్చే, పసుపూ పచ్చే, కాపురం పచ్చగా ఉండాలని దీవిస్తారు, కామెర్లొచ్చినవాణ్ణీ పచ్చబడ్డాడనే అంటారు. పచ్చగా ఉంటే మంచిదేగా అక్కా అని ఫోను పెట్టేసింది తను, మీటింగేదో ఉంది ఆ రోజు. ఇవాళ బస్సు దిగి గట్టు మీదికి ఎక్కి చూసింది. చేను పచ్చగానే ఉంది, పసుపు నీళ్ళు చల్లినట్టు, అడుగాకుల నుంచి మొదలై నడిమి దాకా పాకింది, పైన చిగురు మాత్రం ఆకుపచ్చగా మిగిలి ఉంది, నీళ్ళలో మునుగుతున్నవాడి చెయ్యిలాగా. అక్క ఏ పచ్చ అన్నదో అక్కకి తెలియదా, ఇన్నేళ్ళు సేద్యం చేసిన మనిషికి. తెలిసే ఆ మాట ఎంచుకుందేమో. అబద్ధం చెప్పినట్టూ ఉండదు, చెల్లెలు కనిపెడితే కనిపెట్టినట్టూ ఉంటుంది. కనిపెట్టలేదు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, ఆశ ఉన్నవాళ్ళకీ అంతే, రంగు మాత్రం వేరు.

"ఏమే, బకెట్ పొదుగుతున్నావా, పిల్లలు లేచాయా?" అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో టీ గ్లాసు, పమిట నడుంలో దోపి, మొహం మీద చెమట. మొహం చిక్కిపోయింది, వచ్చినప్పట్నించి చూస్తూనే ఉన్నా ఇప్పుడే కనబడింది.

"ఇంకా నానాలక్కా."

"నేనైతే ఈపాటికి పీకి పారేసేదాన్ని. నీ ఓపిక అమ్మది, నా నోరూ అమ్మదే, మధ్యలో అమ్మకేం మిగల్లేదు పాపం." టీ గ్లాసు డబ్బా పక్కన పెట్టి, తనూ బకెట్లోకి తొంగి చూసింది. తర్వాత, వెళ్ళబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు, అటు తిరిగే అడిగింది. "బాగానే ఉంటుందిగా?"

ఆమె టీ గ్లాసు అందుకుని ఊదింది. అక్క చెప్పుల చప్పుడు వాకిలి దాటి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మరి ఇంటి దొంగకి తాళంచెవి ఇచ్చింది ఎవరు, ఎవర్ని తిట్టాలి ఇప్పుడు, పాకెట్టు మంచిదే, అక్క మంచిదే, మట్టి మంచిదే, ఇచ్చిన రకమూ మంచిదే, పక్కవాడు చెయ్యి చాస్తే ఇచ్చింది, అంతే, అక్క చేసిందీ అదే. తిట్టడానికి మనిషి దొరక్కపోతే భయం ఎటూ పోదు, ఇంట్లోనే తిరుగుతుంటుంది.

టీలో పాలు కాస్త విరిగినట్టున్నాయి, లేక నాలికే అలా ఉందో. పాలు అనగానే అమ్మ గిన్నె. ఆ సందులో అన్ని ఇళ్ళకీ గోడలు ఒకటే, అన్ని ఇళ్ళకీ తోడు కూడా ఒకటే, సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు, పిన్నిగారూ చెంచాడు తోడు పెట్టండి అని, అమ్మ ఎప్పుడూ లేదనేది కాదు. తోడు అడిగితే లేదనకూడదే, పాలున్న ఇంటికి తోడు లేకుండా చెయ్యకూడదు. ఆ మాట అక్కకి ఎముకల్లోకి ఇంకిపోయింది. ఒక ఎండాకాలం పొద్దున్నే అమ్మ గిన్నె మూత తీసి చెంచా ముంచితే పెరుగు తీగలు సాగింది, జిగటగా, చెంచా ఎంత పైకెత్తితే అంత పొడుగున, వాసన లేదు, పులుపు లేదు, చూడ్డానికి మంచి పెరుగే, ఎత్తితే మాత్రం చీమిడి. పారబోసి, కడిగి, అక్కని పిలిచి పక్కింటికి పంపింది, పో, మన తోడే వాళ్ళింట్లో ఉంది, చెంచాడు పట్రా. అక్క ముందు, వెనక తను, అక్క చెయ్యి పట్టుకుని. పక్కింటి ఆవిడ మూత తీసింది, తీగలు. ఆ పక్కింట్లో, తీగలు. సందు మలుపు దాకా వెళ్ళారు, ప్రతి ఇంట్లోనూ మూత తీయడం, చెంచా ఎత్తడం, ఎత్తిన ఆవిడ మొహం మారడం, ఒక్కో ఇల్లు దాటుతుంటే అక్క చెయ్యి తన చేతిని గట్టిగా పట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది, ఆడుకునే ఆటలో హఠాత్తుగా అందరూ మాయమైపోయినట్టు. చివరింట్లో కొత్తగా దిగినవాళ్ళు, వాళ్ళకైనా ఉంటుందనుకుంటే, నిన్ననే మీ అమ్మగారి దగ్గర తీసుకున్నామమ్మా అన్నారు నవ్వుతూ. ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి అక్క ఏడ్చింది. అమ్మ మాత్రం ఏడవలేదు, ఇంకెవరింట్లో ఉంటుంది అనుకుంటూ చాలాసేపు గుమ్మంలో నిలబడింది. చివరికి వేరే ఊరి నుంచి పిన్ని సీసాలో బస్సులో తెచ్చిన తోడుతో సందంతా మళ్ళీ తోడుకుంది. పాలు మంచివి కాబట్టి బతికిపోయాం, పాలే పాడైతే ఏ తోడూ ఏం చెయ్యలేదు అంది అమ్మ ఆ రాత్రి, పెరుగు వడ్డిస్తూ.

పాలే పాడైతే. ఇక్కడ పాలంటే ఈ నేలే. ఆమె లేచి నిలబడింది, కాళ్ళు తిమ్మిరెక్కాయి. గది నేల మీద తన చెప్పుల అచ్చులు, నల్లగా, గుమ్మం నుంచి బకెట్ దాకా. ఈ చెప్పులతోనే ల్యాబుకి వెళ్తుంది, ఈ చెప్పులతోనే పోయిన వారం ఇంకెవరిదో చేలో దిగింది, పారలు, టైర్లు, ఎద్దుల గిట్టలు, వానకి గట్టు తెగి పారే నీళ్ళు, అన్నిటికీ ఇంత నల్లమట్టి అంటుకునే ఉంటుంది. పైన గాలికి చేను సరసరమంటోంది, మామూలు చప్పుడే, శనగ కాయ కట్టే ముందు ఎప్పుడూ ఉండే చప్పుడే. అడుగున మాత్రం, కాలి కింద, ఇప్పుడు, ఈ క్షణాన, ఒకటి ఇంకోదాన్ని అందుకుంటోంది, ఇది నీకు, ఇంద, ఇది నీకు. తన రకం పరాయి నేలది, ఎండలకి తట్టుకోలేక ఏటా సగం చచ్చిపోతుంది. స్థానికమైనవి చావవు, వాటికి ఈ ఎండ అలవాటే, ఈ కరువు అలవాటే. ఏటా విత్తే వేళకి తలుపు దగ్గర వాటి వరసే పెద్దది. మొక్క కొత్తగా వేరు దించి చెవొగ్గేసరికి ఎటు చూసినా అదే మాట, అదే మాట, అందరూ ఆ మాటే అంటున్నారు. భయం వేసింది ఆమెకి, ఉత్త భయం, చిన్నప్పుడు చీకటి గదిలో వేసే లాంటిది, ఎవరినైనా పిలవాలనిపించింది.

నీళ్ళు తేటపడ్డాయి. మట్టి అడుక్కి దిగిపోయింది, వేళ్ళు తెల్లటి జుత్తులా విడి తేలుతున్నాయి, వాటి నిండా బుడిపెలు, అక్క చెప్పింది నిజమే, ఇన్నేళ్ళలో తను ఇంత దట్టంగా చూడలేదు. మళ్ళీ డబ్బా మీద కూర్చుని, ఒక మొక్కని రెండు చేతులా ఎత్తి, నీళ్ళు కారనిచ్చి, ఒళ్ళో పెట్టుకుని, బ్లేడు తీసి, పెద్దదాన్ని ఎంచి కోసింది. ఎరుపు. ఒక్కసారిగా ఎంత ఊపిరి వదిలిందంటే తనకే నవ్వొచ్చింది, ఎరుపు, చూడు, ఎర్రగా, అనవసరంగా పొద్దుట్నించీ చచ్చి బతికావు, అక్కని పిలవాలని నోరు తెరిచి, పక్కదాన్ని కూడా కోసేద్దాం అని కోసింది. తెలుపు. గోరు కింద పొర లాంటి తెలుపు. దాని పక్కది, తెలుపు, కాస్త ఆకుపచ్చ చాయ. ఇంకో వేరు, తెలుపు. ఇంకో మొక్క తీసింది, చకచకా కోసుకుంటూ పోయింది, తెలుపు, తెలుపు, గుత్తికి గుత్తే, సున్నపు చుక్కల్లా ఒళ్ళో రాలాయి. మొదట కోసిన ఆ ఒక్క ఎర్రటిది టీ గ్లాసు పక్కన పెట్టింది కదా, గాలికి అప్పుడే గోధుమరంగుకి తిరుగుతోంది. తన పాకెట్టులోది, ఆ మొదటి రోజుది, మిగిలినది.

అక్కా అని పిలిచిందో లేదో తెలియదు, వాకిట్లోకి వచ్చేసింది, ఒళ్ళో తడి, చేతిలో బ్లేడు. అక్క ట్రాలీ దగ్గర నిలబడి తాడు ముడి విప్పుతోంది, డ్రైవరు లేచి కూర్చుని కళ్ళు నులుముకుంటున్నాడు.

"ఆ ట్రాలీ ఆపక్కా. ఒక్క తట్ట మట్టి కూడా ఇవ్వకు."

"ఇవ్వడమేంటే?" అక్క చెల్లెలి మొహం చూసింది, బ్లేడు చూసింది. "ముందు ఆ బ్లేడు కింద పెట్టు, భయమేస్తోంది."

"లోపల తెల్లగా ఉన్నాయి. ఎన్ని ఉంటే ఏం లాభం, అన్నీ తిని కూర్చునేవే. నీ మట్టి ఎక్కడ చల్లితే అక్కడ ఇవే అంటుకుంటాయి. ఎవరికీ ఇవ్వకూడదక్కా ఇంక."

అక్క నవ్వింది. అది బాధని దాచుకునే నవ్వు కాదు, నిజంగా బరువు దిగినవాళ్ళు నవ్వే నవ్వు. "పిచ్చిదానా, ఇది పట్టుకెళ్ళడానికి వచ్చింది కాదే, పట్టుకొచ్చింది. చేను ఏటేటా నీరసపడిపోతోంటే నాకు తెలియదనుకున్నావా, నీకు ఎలా చెప్పాలో తెలియక పచ్చగా ఉందన్నాను. కొండ అవతలి పైచేను వాళ్ళు లేరూ, నీ పాకెట్టు వేసిన మరుసటేడే అందరికన్నా ముందు పట్టుకెళ్ళారు. అప్పటి మంచిది వాళ్ళ దగ్గరైనా ఉంటుంది కదాని నేనే కబురు చేశాను, నా తోడు నాకు కాస్త ఇవ్వమని."

టార్పాలిన్ ఒక పక్క జారింది. కింద మట్టి, నిండుగా, నల్లగా, మెత్తగా. అణిగిన టైర్లు.

డ్రైవరు కళ్ళు నులుముకున్న చేత్తోనే ట్రాలీ మూల నుంచి గోనెపట్టాలో చుట్టిన మొక్కని తీసుకొచ్చాడు. "మా అయ్యగారు చూపించమన్నారండి. గడ్డతో తవ్వి, నానబెట్టి, జాగ్రత్తగా కడిగి పంపారు. చూడండి ఎలా పట్టాయో, గుత్తులు గుత్తులు. అంతా మీ చలవే అన్నారు."

అడుగాకులు పచ్చగా ఉన్నాయి. ఏ పచ్చో ఈసారి ఇద్దరికీ తెలుసు. చెల్లెలు బ్లేడు ఎత్తలేదు, ఎత్తలేకపోయింది, అక్కే మొక్కని లాక్కుని ఒక బుడిపెని బొటనవేలి గోటితో నొక్కింది. ఇంకోటి నొక్కింది. మొక్కని తిప్పి అటు పక్కవి కూడా నొక్కుకుంటూ పోయింది, పేలు కుక్కినట్టు, గోరంతా తెల్లగా అయ్యేదాకా. తర్వాత గోటిని చీరకి తుడుచుకుంది. ఆ కళ్ళు ఎక్కడికో పోయాయి, సందు మలుపు దాకా, చివరింటి గుమ్మం దాకా, ఖాళీ గిన్నె పట్టుకుని. తన చేతిని అక్క చెయ్యి వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది, అప్పటిలాగే గట్టిగా.

"ఇంకెవరింట్లో ఉంటుందే?" అని, తనే జవాబు దొరికినట్టు ఇటు తిరిగింది. "నీ దగ్గర ఉందిగా. ల్యాబులో, ఆ చలిపెట్టెలో, అసలుది దాచామని చెప్పావుగా."

ఉంది. నిజంగానే ఉంది, చిన్న గొట్టంలో, గడ్డకట్టి, మొదటి రోజున ఎలా ఉందో అలా. ఉందని చెబితే అక్క మొహం వెలుగుతుంది, ఇవాళ్టికి ఇద్దరూ టీ తాగొచ్చు. చెప్పి ఊరుకోవాలని ఎంత అనిపించిందో. తోడుదొంగ అవ్వడం ఎంత తేలిక, నోరు మూసుకుంటే చాలు. ఏం చెయ్యాలో పాలుపోక ఆమె అక్క చేతిని తనూ గట్టిగా పట్టుకుంది.

"ఉందక్కా. తోడుంది. పాలే మారిపోయాయి."

అక్కకి సైన్సు రాదు, ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. చేను వైపు చూసింది, చేను అవతల కొండ వైపు, తను ఎన్నిసార్లు ఎన్ని బళ్ళని నవ్వుతూ సాగనంపిందో ఆ దారి వైపు. డ్రైవరు ట్రాక్టరు ఎక్కి ఇంజను వేశాడు, ట్రాలీ ఒకసారి వణికింది, వెనక తలుపు గొళ్ళెం తీసి ఉంది, మట్టి అంచు నుంచి కొంచెం కొంచెం రాలడం మొదలైంది. అతను మెడ వెనక్కి తిప్పి, ఇంజను చప్పుడుకి వినబడదేమోనని గట్టిగా కేకేశాడు.

"అమ్మా, ఎక్కడ పొయ్యమంటారు?"